ముక్కు వెచ్చగా ఉంటే కంగారు, మూత్రం ఆగిపోతే నిబ్బరం

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రికలో కుక్కపిల్లల ఫొటోలు, పిల్లుల ఫొటోలు వచ్చినప్పుడల్లా కత్తిరించి దాచుకుంటాను నేను. కానీ ఆ ఫొటోలో ఉన్న ప్రాణికి రేపు జ్వరం వస్తే ఇంట్లోవాళ్లు ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పే నాలుగు మాటలు ఆ పక్కన ఎప్పుడూ కనిపించలేదు. ఈ ఉత్తరం దాని గురించే. కాస్త పొడవే అయింది. జాగా చాలకపోతే పారాసెటమాల్ గురించి రాసిన ముక్క ఒక్కటి ఉంచి తక్కినదంతా తీసేసినా నాకు బాధ లేదు.

నేను డాక్టర్ని కాదు. ఇరవై ఏళ్లుగా ఇంట్లో కుక్కో పిల్లో, ఎక్కువ కాలం రెండూ, లేకుండా ఒక్కరోజు గడవలేదు, అంతే. దాంతో తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఏ రాత్రయినా ఫోన్ చేసి అడుగుతుంటారు. "అక్కా, మా వాడి ముక్కు వెచ్చగా ఉంది, జ్వరమా?" "ఆంటీ, గడ్డి తిని కక్కేసింది, ఏమైనా అవుతుందా?" అడిగేటప్పుడు వాళ్ల గొంతు వణుకుతుంటుంది. అదే మనిషి ఇంకో రోజు మాటల మధ్యలో "మా పిల్లి మూడు రోజుల్నించి ఏమీ తినట్లేదు, అలిగినట్టుంది" అని మామూలుగా అనేస్తారు. అప్పుడు దడ నాకు మొదలవుతుంది. ప్రేమ తక్కువై ఎవరూ పెంపుడు జీవాన్ని పోగొట్టుకోరు. ఆగదగ్గ వాటికి పరుగులు పెట్టి, పరుగెత్తాల్సిన వాటికి "రేపు చూద్దాంలే" అనుకోవడం వల్ల పోగొట్టుకుంటున్నారు. నేనూ అలాగే పోగొట్టుకున్నాను.

దాని పేరు చిట్టి. మూడేళ్ల ఆడపిల్లి. ఒకరోజు సాయంత్రం తిండి ముట్టలేదు, ఒళ్లో పెట్టుకుంటే ఒళ్లు కాలిపోతున్నట్టు అనిపించింది. సెలవు రోజు, డాక్టరు దొరకలేదు. ఇంట్లో మా అందరికీ జ్వరం వస్తే వేసుకునే మాత్రే కదా, పైగా పసిపిల్లలకి కూడా ఇస్తారు కదా అనుకుని పారాసెటమాల్ సగం మాత్ర నూరి నీళ్లలో కలిపి సిరంజితో నోట్లో పోశాను. రాత్రి పదకొండు దాటాక లేచి చూస్తే నోటి వెంట సొంగ కారుతోంది, మొహం ఉబ్బింది. ముందు కాళ్లు కూడా వాచాయి. తెల్లవారేసరికి నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. డాక్టరు దాని పై పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు మట్టి రంగులో ఉన్నాయి. ఆయన నన్ను అడిగింది ఒకటే, "ఏ మందు వేశారమ్మా?" అని. మధ్యాహ్నం లోపు పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ.

తర్వాత ఆయనే విడమరిచి చెప్పారు. పారాసెటమాల్‌ని విరిచి బయటికి పంపడానికి మన కాలేయంలో ఉండే ఏర్పాటు పిల్లికి దాదాపు లేదు. ఆ మందు దాని ఒంట్లో విషంగా మారి రక్తంలోని హిమోగ్లోబిన్‌ని పాడుచేస్తుంది, ఇక ఆ రక్తం ఆక్సిజన్ మోయలేదు. రక్తం గోధుమ రంగుకి తిరుగుతుంది, అందుకే చిగుళ్లు అలా మారతాయి. పిల్లికి ఒక్క మాత్ర కూడా ప్రాణాంతకమే, అంతకంటే తక్కువా ప్రమాదమే. దీనికి విరుగుడు ఉంది, మనుషులకి వాడే ఎసిటైల్‌సిస్టీనే వాటికీ వాడతారు, కానీ మొదటి కొన్ని గంటల్లో తీసుకెళ్లాలి. పొరపాటున వేసినా, కింద పడ్డ మాత్ర అది నమిలినా, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే తీసుకెళ్లండి, ఏ మాత్ర, ఎంత, ఎప్పుడు అన్నది సిగ్గుపడకుండా చెప్పండి. నేను ఆ రాత్రే ఎలాగోలా ఇంకో డాక్టర్ని వెతుక్కుని ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది.

కుక్కల సంగతీ ఇంతే. ఒళ్లునొప్పులకి మనం వేసుకునే ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తుంది, మోతాదు పెరిగితే కిడ్నీలు పోతాయి. కుంటుతున్న కుక్కకి జాలిపడి ఇంట్లో ఉన్న నొప్పిమాత్ర వేసేవాళ్లని ఎందరినో చూశాను. ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. కుక్కల మెడ మీద పిడుదుల కోసం వేసే చుక్కల మందుల్లో కొన్నిట్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్కకి అది ఏమీ చేయదు. అదే పిల్లికి వేస్తే ఒళ్లంతా వణుకు, ఫిట్స్, చావు దాకా వెళ్తుంది. కుక్కకి కొన్న మందు మిగిలింది కదా అని పిల్లికి సగం వేయకండి. రెండూ ఒకే ఇంట్లో కలిసి పడుకుంటుంటే కుక్కకి ఆ రకం మందు వేసే ముందు డాక్టర్ని అడగండి.

అసలు ఆ రోజు చిట్టికి జ్వరం ఉందో లేదో కూడా నాకు తెలీదు. చేత్తో తాకి చూశానంతే. మనకి 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. కుక్కకి, పిల్లికి సుమారు 101 నుంచి 102.5 దాకా మామూలే. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లిని ఒళ్లో పెట్టుకున్నా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. ముక్కు తడిగా చల్లగా ఉంటే ఆరోగ్యం, ఎండి వెచ్చగా ఉంటే జ్వరం అన్నది ఎవరు పుట్టించారో గానీ, నిద్ర లేచిన కుక్క ముక్కు ఎండిపోయే ఉంటుంది, కాసేపటికి నాకి నాకి అదే తడి చేసుకుంటుంది. జ్వరం తెలుసుకోవాలంటే డిజిటల్ థర్మామీటర్ కొనకి కాస్త వ్యాజలీన్ రాసి మలద్వారంలో పెట్టి చూడాలి, దానికోసం విడిగా ఒకటి కొనిపెట్టుకోండి. అది చేతకాకపోతే పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడటం నేర్చుకోండి, అది ఎవరైనా చేయొచ్చు. వేలితో చిగురు నొక్కి వదిలితే తెల్లబడ్డ చోట రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. తెల్లగా పాలిపోయినా, నీలంగా ఉన్నా, పచ్చగా ఉన్నా, మట్టి రంగులో ఉన్నా అప్పటికప్పుడు బయల్దేరాలి. కొన్ని కుక్కలకి, పిల్లులకి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపల చూడొచ్చు. ఇంకొకటి, గాఢంగా నిద్రపోతున్నప్పుడు డొక్క ఎన్నిసార్లు పైకి లేస్తుందో ఒక నిమిషం లెక్కపెట్టండి, ముప్ఫైలోపే ఉండాలి. రోజూ అంతకు మించుతుంటే గుండె, ఊపిరితిత్తులు చూపించాలి. ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి చూసి పెట్టుకోండి, మామూలు ఏదో తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

గడ్డి తిని కక్కడం గురించి మాత్రం కంగారు వద్దు. చాలా కుక్కలు తింటాయి, పిల్లులూ తింటాయి, ఒకసారి కక్కి మళ్లీ హుషారుగా తిరుగుతుంటే ఆ పూట గమనిస్తే చాలు. ఆగకుండా కక్కుతున్నా, రక్తం పడ్డా, నీళ్లు కూడా నిలవకపోయినా అది వేరే సంగతి.

కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడని అంటాం మనం. నిజంగా నొప్పి ఉన్న పిల్లి చాలాసార్లు తిరగదండీ. మంచం కిందో బీరువా వెనకో చేరి, కాళ్లు లోపలికి ముడుచుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంటుంది. అరవదు. అడవిలో బలహీనత బయటపెట్టిన జీవం ఇంకోదానికి ఆహారమైపోతుంది, ఆ అలవాటు దాని రక్తంలో ఇంకా ఉంది. అందుకే పిల్లి "కొంచెం డల్‌గా ఉంది" అని మనకి తెలిసేసరికే లోపల జబ్బు ముదిరి ఉంటుంది. ఎక్కేచోటు ఎక్కకపోవడం, ఒళ్లు నాక్కోవడం మానేసి బొచ్చు అట్టలు కట్టడం, లిట్టర్ ట్రే (మలమూత్రాల కోసం పెట్టే ఇసుక తొట్టి) బయట పోయడం, ఎప్పుడూ లేనిది చేయి వేస్తే కసురుకోవడం, ఇవన్నీ అది చెప్పుకునే మాటలే. "పొగరెక్కింది" అని మనం తిడతాం.

మగపిల్లులు పెంచేవాళ్లు దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి. చిట్టి పోయిన నాలుగేళ్లకి మా ఇంట్లో గుండు అని ఇంకో పిల్లి ఉండేవాడు, బాగా బొద్దుగా, బయటికి వెళ్లే అలవాటు లేనివాడు. ఒక రాత్రి ట్రేలోకి వెళ్లి కూర్చున్నాడు. వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. నడుం వంచి, తోక వణికిస్తూ ముక్కుతున్నాడు, లేచాక చూస్తే ఇసుక పొడిగా ఉంది. మలబద్ధకం అనుకుని పడుకునేవాళ్లే అందరూ, మా ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. మూడోసారి వెళ్లి వచ్చాక నేల మీద కూర్చుని కింద నాక్కుంటూ ఒక రకంగా అరిచాడు, ఆ అరుపు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. చిట్టి గుర్తొచ్చి నేను ఆగలేదు. డాక్టరు పొట్ట నొక్కి చూసి "మూత్రసంచి రాయిలా ఉంది, ఇప్పుడే మత్తిచ్చి గొట్టం వేయాలి" అన్నారు. మగపిల్లి మూత్రనాళం చివర్లో చాలా సన్నం. ఇసుకలాంటి స్ఫటికాలో, జిగురు ముద్దో అడ్డం పడితే మూత్రం మొత్తం ఆగిపోతుంది. ఆగిన మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు పనిచేయవు, రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో అంతా అయిపోతుంది. మూడు రోజులు గొట్టంతో, సెలైన్‌తో ఉంచి పంపించారు గుండుని. ఆ తర్వాత తడి ఆహారం, ఇంట్లో మూడు చోట్ల నీళ్లు, రోజూ కాసేపు ఆట, బరువు తగ్గించడం. ఇంకో ఏడేళ్లు బతికాడు. ఆ రోజు తెల్లారేదాకా ఆగి ఉంటే ఆ ఏడేళ్లు ఉండేవి కావు. మగపిల్లి ట్రేలో కూర్చుని చుక్క రాకుండా లేస్తే అర్ధరాత్రయినా సరే తలుపు తట్టండి.

తినని పిల్లి సంగతి కూడా చెప్పాలి. మనిషి రెండు రోజులు పస్తున్నా తట్టుకుంటాడు, కుక్క కూడా కొంతవరకు తట్టుకుంటుంది. పిల్లి, అందులోనూ లావుపాటి పిల్లి, కొన్ని రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయంలోకి చేరి కాలేయం పనిచేయడం మానేస్తుంది. మొదట తినకపోవడానికి కారణం పళ్లనొప్పో, ఇల్లు మారడమో కావచ్చు. తర్వాత వచ్చేది దానికంటే పెద్ద జబ్బు. ఒకరోజు పూర్తిగా తినకపోతే ఫోన్, రెండో రోజుకి ఆసుపత్రి, నా లెక్క ఇది. ఇక పాలు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం సామెతలో ఉంది గానీ పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లు చాలు వాటికి.

కుక్కల దగ్గరికి వస్తే అందరికంటే ఎక్కువగా నన్ను అడిగేది పిడుదుల గురించి. "రోజూ ఏరేస్తూనే ఉన్నాం, ఎక్కడినుంచి వస్తున్నాయో తెలీట్లేదు" అంటారు. గోడ పగుళ్లలోంచి వస్తున్నాయి. కుక్కలకి పట్టే గోధుమరంగు పిడుదు ఇంటి లోపల కూడా హాయిగా బతుకుతుంది. కడుపునిండా రక్తం తాగిన ఆడ పిడుదు కుక్క మీంచి కిందపడి, ఏ సందులోకో పాకి వేలల్లో గుడ్లు పెడుతుంది. మనకి కుక్క మీద కనిపించేవి కొన్నే, తక్కినవి గోడల్లో, మంచం కోళ్లలో, అది పడుకునే గుడ్డలో ఉంటాయి. కాబట్టి కుక్కకి డాక్టరు చెప్పిన మాత్రో చుక్కల మందో నెలలు తప్పకుండా వాడటం ఒకటి, అది పడుకునే చోటు శుభ్రం చేసి పగుళ్లు పూడ్చడం ఇంకోటి, రెండూ కలిస్తేనే పోతాయి. అంటుకున్న పిడుదుని కాల్చకండి, కిరోసిన్ పోయకండి, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి.

ఇంత చెప్పడం దురద గురించి కాదు, టిక్ ఫీవర్ గురించి. ఎర్లీకియా అనే బ్యాక్టీరియా పిడుదు కాటుతో రక్తంలోకి వెళ్తుంది. రెండు మూడు వారాల్లో జ్వరం, నీరసం, తిండి మానేయడం. కొన్నిసార్లు అది తనంతట తానే తగ్గినట్టు కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అది లోపలే నెలల తరబడి నక్కి ఉండి, ఒకరోజు ముక్కులోంచి రక్తంగా బయటపడుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోవడం వల్ల వచ్చే రక్తం అది. పొట్ట మీద బొచ్చు పలచగా ఉన్నచోట గుండుసూది మొనలంత ఎర్రచుక్కలు కనిపిస్తాయి, చూడండి. దీనికి మందు ఉంది, డాక్సీసైక్లిన్, సాధారణంగా నాలుగు వారాలు వాడమంటారు. మొదలుపెట్టిన ఒకటి రెండు రోజులకే కుక్క లేచి తోక ఊపుతుంది, అక్కడే మనవాళ్లు మందు ఆపేస్తారు. ఆపకండి. నాలుగు వారాలంటే నాలుగు వారాలు. మూత్రం ముదురు ఎరుపులోనో కాఫీ రంగులోనో వస్తే అది బాబీసియా అనే ఇంకో జబ్బు కావచ్చు, పిడుదులతోనే వస్తుంది, ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది, దాని మందు వేరు. అందుకే రక్తపరీక్ష లేకుండా "పోయినసారి మా కుక్కకి ఇదే ఇచ్చారు" అని ఒకరి చీటీ ఇంకొకరు వాడటం తప్పు.

కుక్కపిల్లల విషయంలో నాకు కోపం కూడా వస్తుంది, ఎందుకంటే అది ఆపగలిగిన చావు. పార్వో వైరస్ 1978 ప్రాంతంలో ప్రపంచమంతా పాకింది, టీకా వచ్చి దశాబ్దాలయింది, అయినా ఇంకా పిల్లలు చనిపోతూనే ఉన్నాయి. హుషారుగా ఉన్న పిల్ల ఉన్నట్టుండి మూతి వేలాడేస్తుంది, కక్కుతుంది, తర్వాత భరించలేని వాసనతో రక్త విరేచనాలు. ఒంట్లో నీరంతా పోయి చనిపోతుంది. సెలైన్, వాంతులు ఆపే మందులు, కాపలా, వీటితో చాలా పిల్లలు బతుకుతాయి, మొదటి రోజే తీసుకెళ్తే. "టీకా వేయించాం కదండీ, అయినా ఎందుకు వచ్చింది?" అని ఏడుస్తూ అడుగుతారు. ఒక్క టీకా వేయించి ఉంటారు. తల్లిపాలతో వచ్చిన రక్షణ పిల్లలో ఉన్నంతకాలం టీకాని పనిచేయనివ్వదు, అది ఒక్కో పిల్లలో ఒక్కో వారానికి తగ్గుతుంది, ఎప్పుడన్నది పైకి తెలీదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ, చివరిది పదహారు వారాలు నిండాక వేయించాలి. అది పూర్తయ్యేదాకా తెలియని కుక్కలు తిరిగే చోట నేల మీద వదలకండి. పార్వో వచ్చి పోయిన ఇంట్లోకి వెంటనే ఇంకో పిల్లని తేకండి, ఆ వైరస్ మట్టిలో ఏడాదికి పైగా కూడా బతకగలదు, మామూలు సబ్బుకి చావదు, నీళ్లు కలిపిన బ్లీచ్‌కి చస్తుంది. పిల్లుల్లో దీని దాయాది ఒకటుంది, పాన్‌ల్యూకోపీనియా, దానికీ టీకా ఉంది. ఇంట్లోంచి బయటికి రాని పిల్లికి టీకా ఎందుకనుకోకండి, వైరస్ మన చెప్పులతో కూడా లోపలికి వస్తుంది.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. ఛాతీ లోతుగా ఉండే పెద్దజాతి కుక్క తిన్న తర్వాత పొట్ట ఉబ్బి, ఏమీ బయటికి రాకుండా ఊరికే ఓకరిస్తూ, కుదురుగా కూర్చోలేకపోతుంటే కడుపు మెలిపడి ఉండొచ్చు, గంటల్లో ప్రాణం పోతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకి వచ్చిన కొన్ని వారాలకి నీళ్లు తెగ తాగుతూ నీరసపడితే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి, పయోమెట్రా అంటారు, చీము బయటికి కారకపోతే ఇంకా ప్రమాదం. ఆగి ఉన్న కారులో అద్దాలు కాస్త దించి కుక్కని వదిలి వెళ్లొద్దు. ఎండదెబ్బ తగిలితే నీడకి తెచ్చి మామూలు నీళ్లతో ఒళ్లు తడుపుతూ, గాలి తగిలేలా చూస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే అది అలసట అనుకోవద్దు. పిల్లి నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు, లోపల పేగుల్ని కోసేస్తుంది.

తినే వాటిలో చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకి దూరంగా ఉంచండి. ఉల్లి, వెల్లుల్లి రెండిటికీ పడవు, పిల్లులకి మరీను, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్క రక్తంలో చక్కెరని గంటలోపే పడేయగలదు. లిల్లీ పూల పుప్పొడి ఒంటికి అంటి నాక్కున్నా, ఆ పూలు పెట్టిన నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు పోతాయి, పిల్లి ఉన్న ఇంట్లో అవి అసలు వద్దు. ఏదైనా తిన్నదని తెలిస్తే ఉప్పునీళ్లు పట్టి కక్కించకండి, ఆ ఉప్పే ఇంకో విషం అవుతుంది. ప్యాకెట్ పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

కుక్క పిరుదులు నేలకి రాస్తూ జరుగుతుంటే నట్టలు అని అందరూ వెంటనే నట్టల మందు వేసేస్తారు. తోక కింద రెండు చిన్న గ్రంథులు నిండిపోయి ఉండటం ఎక్కువసార్లు కారణం, డాక్టరు నొక్కి ఖాళీ చేస్తారు. గింజల్లాంటి తెల్ల ముక్కలు మలంలోనో తోక దగ్గరో కనిపిస్తే బద్దెపురుగు. అది చాలావరకు బొచ్చులో గెంతే చిన్న నల్ల పురుగుల్ని మింగడం వల్ల వస్తుంది, కాబట్టి ఆ పురుగులు పోకుండా ఎన్నిసార్లు మందు వేసినా మళ్లీ వస్తుంది.

రేబిస్ గురించి ఎంత రాసినా తక్కువే. 1885లో లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా వేశాడు. ఆయన చనిపోయిన సెప్టెంబర్ 28నే ఇప్పుడు ప్రపంచ రేబిస్ దినంగా పాటిస్తున్నారు. ఇన్నేళ్లయినా లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. మన కుక్కకి, మన పిల్లికి కూడా, టీకా తప్పకుండా వేయించాలి, తేదీ దాటనివ్వకూడదు. ఏ జంతువు కరిచినా, గీరినా గాయాన్ని పారే నీళ్లకింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, గడియారం చూసుకుని కడగండి, ఆ తర్వాత ఆసుపత్రికి. కారం, సున్నం, పసుపు ఏవీ పెట్టకండి. "మా పెంపుడుదే కదా" అని ఊరుకోవద్దు. కరిచిన కుక్కని పది రోజులు గమనించడం మంచిదే, కానీ అది చికిత్సతో పాటు చేసేది, చికిత్స మానేసి చేసేది కాదు.

ఒక్క మాట ముసలి జీవాల కోసం. "వయసైపోయిందండీ, ఏం చేస్తాం" అన్న మాట విన్నప్పుడల్లా నేను పోట్లాడతాను. వయసు జబ్బు కాదు. నోటి దుర్వాసన వయసు వల్ల రాదు, పళ్ల కింద చీము వల్ల వస్తుంది, మూడేళ్లు దాటేసరికే చాలా కుక్కలకి, పిల్లులకి చిగుళ్ల జబ్బు మొదలై ఉంటుంది. ముసలి పిల్లి గిన్నెలు గిన్నెలు నీళ్లు తాగుతోందంటే కిడ్నీ జబ్బో, షుగరో చూడాలి. ఆవురావురుమని తింటూ కూడా చిక్కిపోతోందంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. మెట్లెక్కని కుక్కకి కీళ్లనొప్పి ఉంది, దానికి కుక్కల మందులు ఉన్నాయి. వీటిలో చాలావరకు పూర్తిగా పోవు, నిజమే. కానీ ఆ చివరి రెండు మూడేళ్లు నొప్పి లేకుండా మన పక్కన పడుకునే హక్కు దానికి ఉంది.

డాక్టర్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి, దగ్గు, ఫిట్స్, కుంటడం, ట్రేలో కూర్చోవడం, ఏదైనా సరే. ఇంట్లో కుంటిన కుక్క ఆసుపత్రి గుమ్మంలో భయంతో కుంటడం మానేస్తుంది. ఆఖరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు మూత్రం పోసింది, ఏ మందు వేశారు, ఈ మూడూ కాగితం మీద రాసుకోండి, టెన్షన్‌లో గుర్తుండవు. డాక్టరు గారు ఏమనుకుంటారో అని వేసిన మందు దాచేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కూడా ఆ రోజు ఒక్క క్షణం "ఏమీ వేయలేదండీ" అనబోయాను.

సంపాదకుడు గారూ, మీరు నిపుణుల్ని అడిగి, సరిచూసి, వారానికి ఒక చిన్న డబ్బాలో ఒక్క విషయం వేయండి. అరచేయంత జాగా చాలు. ఒక వారం మగపిల్లి మూత్రం గురించి, ఒక వారం కుక్కపిల్ల టీకాల తేదీల గురించి, ఒక వారం చిగుళ్లు ఎలా చూడాలో బొమ్మ వేసి. జనం కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుంటారు, నేను ఫొటోలు దాచుకున్నట్టే. మొదటి వారం మాత్రం ఆ మాత్ర గురించే వేయండి. ఈ రాత్రి కూడా ఎవరో ఒకరు పిల్లిని ఒళ్లో పెట్టుకుని, ఒళ్లు వెచ్చగా ఉందని మందుల డబ్బా తెరుస్తూ ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు